విప్పకముందే ఫోటో: పాడైన సైకిల్ భాగానికి వారంటీ అడగడం

వారంటీ క్లెయిములు చాలామటుకు కంపెనీ దాకా వెళ్ళకముందే చచ్చిపోతాయి. భాగం పాడైన మొదటి అరగంటలో, సైకిల్ యజమాని చేతుల్లోనే ఆ పని జరిగిపోతుంది. గరగరమంటున్న హబ్బును (చక్రం నడిమి భాగాన్ని) విప్పి, పాత గ్రీజంతా గుడ్డతో తుడిచి, అప్పుడు ఫోటో తీస్తారు. విరిగిన క్రాంకు (పెడలు తగిలించే చేయి) ముక్కలు రెండింటినీ ఒకదానికొకటి ఆనించి, నొక్కి, సరిగ్గా కూర్చుంటాయా అని చూస్తారు. పగిలిన ఫ్రేమును ‘వీలున్నప్పుడు కొట్టుకి తీసుకెళ్దాంలే’ అని ఇంకో వారం తొక్కుతారు. ఆ తర్వాత రాసే మెయిలు ఎంత పొడుగ్గా, ఎంత కోపంగా ఉన్నా లాభం ఉండదు. చెప్పాల్సిందంతా ఆ భాగం మీదే రాసి ఉండేది. దాన్ని మనమే చెరిపేశాం.

క్లెయిము చూసే మనిషి ముందున్న ప్రశ్న ఒక్కటే: ఇది తయారీలో చెడిందా, బిగింపులో చెడిందా, వాడకంలో చెడిందా? అతనికి మన బాధ అక్కర్లేదు, మన సైకిలు కనపడదు. ఉన్నవల్లా కొన్ని ఫోటోలు, బిల్లు, మహా అయితే ఆ ముక్క. జవాబు మనం ఇవ్వకపోతే తనకు తేలికైన జవాబు తనే రాసుకుంటాడు. అందరికీ తేలికైన జవాబు ‘సాధారణ అరుగుదల’. కాబట్టి అడగబోయేముందు ఆ ప్రశ్నకు జవాబు మనమే వెతుక్కోవాలి, దొరికింది చూపించాలి. అలా వెతికినప్పుడు తప్పు మనదేనని తేలితే అడగకూడదు కూడా. ఈ రెండో మాట చాలామందికి నచ్చదు. అయినా ఆ నిజాయితీ ఉన్నవాళ్ళ క్లెయిములే తొందరగా తెగుతాయని నా గట్టి నమ్మకం.

మొదటి అరగంట

ముందు తొక్కడం ఆపాలి. ప్రాణానికి ఎలాగూ అది అవసరం, క్లెయిముకీ అవసరమే. లోపం కనపడ్డాక కూడా వాడారని తెలిస్తే ఆ తర్వాత పెరిగిన నష్టమంతా మీ నెత్తిన పడుతుంది.

తర్వాత ఫోటోలు, దూరం నుంచి దగ్గరికి వస్తూ. మొదటిది చైను ఉన్న వైపు నుంచి సైకిలు మొత్తం. సీటు ఎంత పైకి లేపారు, క్యారియరు ఏమైనా తగిలించారా, ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టే రెండు కాళ్ళ భాగం) మార్చారా అన్నవి అవతలివాళ్ళు ఈ ఒక్క ఫోటోలోనే చూసేస్తారు. రెండోది సీరియల్ నంబరు. చాలా ఫ్రేములకు అది బాటమ్ బ్రాకెట్ (క్రాంకుల యాక్సిలు తిరిగే చోటు) అడుగున ఉంటుంది, సైకిలు తిరగేస్తే కనిపిస్తుంది. మూడోది పాడైన భాగం, విప్పకుండా, ఉన్నచోట ఉన్నట్టుగా. తర్వాత అదే భాగం దగ్గర నుంచి, పక్కన స్కేలు పెట్టి. చివరిగా దాని మీద చెక్కిన మోడల్ కోడు, తయారీ కోడు. పగులుకు ఎదురుగా ఫ్లాష్ కొడితే అంతా తెల్లగా మెరిసి ఏమీ తెలియదు. ఫ్లాష్ ఆపేసి, టార్చి పక్క నుంచి ఏటవాలుగా పట్టుకుంటే పగులు నీడతో సహా తేలి కనపడుతుంది. చప్పుడో, ఊగులాటో అయితే వీడియో తీయాలి. ఒక చేత్తో ఫ్రేము బిగించి పట్టుకుని రెండో చేత్తో క్రాంకును పక్కలకు ఊపుతూ పది సెకన్లు తీస్తే చాలు.

ఇవన్నీ అయ్యేదాకా తుడవకూడదు. పగులు లోపల పట్టిన మురికి కూడా సాక్ష్యమే. నల్లటి మురికి ఉన్న పగులు ఎప్పటినుంచో ఉన్నట్టు, లోపల లోహం మెరుస్తూ ఉంటే కొత్తగా తెరుచుకున్నట్టు. పెయింటు మాత్రమే పగిలిందా, అడుగున లోహం కూడా పగిలిందా అని అనుమానం వచ్చినా గీకవద్దు. పగులు రెండు చివరల దగ్గరా పెన్సిలుతో చిన్న గీత పెట్టి, తేదీ రాసి, ఫోటో తీసి, సైకిలును కొట్టుకు నడిపించుకుంటూ తీసుకెళ్ళండి. గీకడం వాళ్ళ పని.

ముక్కలు విడిపోతే ఒక్కోదాన్ని విడిగా టిష్యూ కాగితంలో చుట్టి, పొడి కవరులో పెట్టాలి. కొత్త బూట్ల పెట్టెల్లో వచ్చే తేమ పీల్చే పొట్లం ఒకటి పక్కన పడేస్తే మంచిది. విరిగిన ముఖాన్ని వేళ్ళతో ముట్టుకోకూడదు. ఉక్కు భాగమైతే చేతి చెమటకే తుప్పు పట్టి గీతలు మాసిపోతాయి. రెండు ముఖాలూ రాసుకుంటే అల్యూమినియం మీది గీతలు కూడా నునుపైపోతాయి.

బిల్లు సంగతి సైకిలు కొన్న రోజే చూసుకోవాలి. చాలా బిల్లులు వేడికి నల్లబడే కాగితం మీద వస్తాయి, కొంతకాలానికి వెలిసి తెల్లకాగితమవుతాయి. వెంటనే ఫోటో తీసుకోవాలి. పోయినా కంగారు పడక్కర్లేదు, ఆర్డరు మెయిలు, బ్యాంకు స్టేట్‌మెంటు, కొట్టువాళ్ళ కంప్యూటరులో ఉన్న ఎంట్రీ చాలాచోట్ల ఒప్పుకుంటారు.

విరిగిన ముఖం ఏం చెబుతుంది

లోహపు భాగాలు రెండు రకాలుగా విరుగుతాయి. ఒకటి ఒక్కసారిగా, ఓర్చుకోలేనంత దెబ్బ తగిలి. రెండోది నెమ్మదిగా, వేలసార్లు ఒత్తిడి పడీ పడీ అలసిపోయి. ఈ రెండూ ఎంత వేరుగా కనిపిస్తాయంటే, ఒకసారి చూసినవాళ్ళు మళ్ళీ పొరపడరు.

అలసటతో విరిగిన క్రాంకును టార్చి వెలుగులో చూడండి. ముఖంలో ఒక భాగం నునుపుగా, కాస్త మసకగా ఉంటుంది. దాని మీద సన్నటి వంపు గీతలు, నరికిన చెట్టు మొద్దు మీది వలయాల్లా, ఒక బిందువు చుట్టూ పరుచుకుని ఉంటాయి. పగులు కొంచెం ముందుకు జరిగి ఆగిన ప్రతిచోటా ఒక గీత పడుతుంది. మిగతా భాగం గరుకుగా, పలుకుపలుకుగా, తళతళలాడుతూ ఉంటుంది. మిగిలిన కాస్త లోహం బరువు మోయలేక చివరి క్షణంలో తెగిన చోటు అది. మనకు కావాల్సింది ఆ వంపులన్నీ ఏ బిందువు వైపు చూస్తున్నాయన్నది. పగులు పుట్టిన చోటు అదే.

ఆ పుట్టినచోట ఏముందన్నదాన్ని బట్టే క్లెయిము నిలుస్తుంది, పడిపోతుంది. అక్కడ రాయి కొట్టిన గాటు, బూటు రాసుకుని పడిన గాడి, పానా జారిన గుర్తు ఉంటే అది వాడకం కిందికి వస్తుంది. పెడలు మరల అంచున మొదలై, ఆ చుట్టూ లోహం నొక్కుకుపోయి ఉంటే పెడలు వదులుగా ఉండగా తొక్కినట్టు. వెల్డింగ్ లోపల చిన్న బుడగ, అతుకు సరిగ్గా కరగని చోటు, పైన ఏ గాటూ లేకుండా లోపలి గోడ నుంచి మొదలైన పగులు కనిపిస్తే తయారీ మీద వేలు పెట్టి చూపించవచ్చు. ఆ బిందువు ఫోటో ఒక్కటి, స్కేలుతో సహా, రెండు పేజీల మెయిలు కంటే విలువైనది.

దెబ్బ తగిలి విరిగినదానికి వంపు గీతలు ఉండవు. ముఖమంతా ఒకేలా గరుకుగా ఉంటుంది, పక్కన లోహం వంగి ఉంటుంది. ఫ్రేములో కిందిగొట్టం, పైగొట్టం రెండూ హెడ్‌ట్యూబు (హ్యాండిలు కింద ఉండే పొట్టి గొట్టం) వెనకే ముడతపడి ఉంటే ముందు చక్రం దేన్నో ఢీకొన్నట్టే. దాన్ని తయారీ లోపమని రాస్తే చదివేవాళ్ళు మిగతా ఉత్తరాన్ని కూడా నమ్మరు. చాలా కంపెనీలకు ప్రమాదంలో విరిగిన ఫ్రేముకు తగ్గింపు ధరలో కొత్తది ఇచ్చే పథకం ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు చెబితే అది అందుతుంది. అబద్ధమాడితే రెండూ పోతాయి.

కార్బన్ ఫైబరు మీద ఈ గీతలు వెతకడం దండగ. అక్కడ చూడాల్సింది చోటు. బిగింపు పట్టీ కిందనే, పట్టీ అంచు వెంబడే పగులు ఉంటే బోల్టు ఎక్కువ బిగించారని మొదటి అనుమానం. హ్యాండిలును పట్టి ఉంచే స్టెమ్ బోల్టులకు సాధారణంగా 5 న్యూటన్ మీటర్ల బిగింపు, సీటు పట్టీకి 4 నుంచి 6 మధ్యలో చెబుతారు. అంకె సాధారణంగా ఆ భాగం మీదే ముద్రించి ఉంటుంది కాబట్టి, తెలియదన్నది వినరు. సీటు గొట్టం పైభాగం పగిలితే సీట్‌పోస్టు (సీటు కింది కడ్డీ) మీది కనీస లోతు గీత ఫ్రేము లోపల ఉందా, బయటికి కనపడుతోందా అన్నది మొదటి ప్రశ్న. గీత బయట ఉంటే వాదన అక్కడితో ముగిసిపోతుంది, నా దృష్టిలో న్యాయంగానే ముగుస్తుంది. పోస్టు పొట్టిగా లోపల ఉన్నప్పుడు బరువంతా గొట్టం పైఅంచు మీద గడపారలా పనిచేస్తుంది.

చక్రం పుల్లలు (స్పోకులు) చిన్నవే అయినా బాగా మాట్లాడతాయి. హబ్బు దగ్గర వంపులో విరిగితే అది అలసట. నడిమిలో విరిగితే ఏదో తగిలింది. వెనక చక్రం కుడివైపు పుల్లల మీద, వంపుకు కాస్త పైన, వరసగా ఒకే ఎత్తులో గాట్లు ఉంటే ఎప్పుడో చైను క్యాసెట్‌కీ (వెనక పళ్ళచక్రాల గుత్తికీ) పుల్లలకీ మధ్య పడి కొరికిందని అర్థం. అది గేరు సెట్టింగు తప్పు, చక్రం తప్పు కాదు. గాట్లు లేకుండా ఒకటి తర్వాత ఒకటి వంపులోనే తెగుతూ ఉంటే పుల్లను నిందించి లాభం లేదు, చక్రం బిగింపు సరిగ్గా లేదు. వెనక చక్రం కుడివైపు పుల్లల్లో సాధారణంగా 100 నుంచి 120 కిలోల బిగువు ఉండాలి, ఎడమవైపు అంతకంటే తక్కువ ఉంటుంది. కొట్టులో బిగువు కొలిచే మీటరుతో ప్రతి పుల్లా కొలిపించి అంకెలు రాయించుకోండి. కుడివైపునే ఒకటి 60, పక్కది 130 చూపిస్తే ఇక ‘పుల్లలు అరుగుతాయి’ అనే మాటకు చోటు ఉండదు.

అరుగుదల అనే గోడ

చైను, క్యాసెట్, బ్రేకు ప్యాడ్లు, టైర్లు, కేబుళ్ళు, బేరింగులు అరిగే భాగాలు, వారంటీ రాదు. దాదాపు అన్ని వారంటీ పత్రాల్లోనూ ఈ వాక్యం ఉంటుంది. వాక్యం సబబైనదే. దాన్ని వాడే తీరు సబబు కాదు. అరిగే భాగాలకు అరుగుదల తప్ప ఇంకే జబ్బూ రాదన్నట్టు మాట్లాడతారు. చైను అరిగిందో లేదో కొలవచ్చు. కొత్త చైనులో 24 పిన్నుల దూరం, అంటే 12 అంగుళాలు, 304.8 మిల్లీమీటర్లు. 0.5 శాతం సాగితే 306.3, 0.75 శాతం సాగితే 307.1. 11, 12 గేర్ల చైన్లను 0.5 దగ్గర, అంతకంటే తక్కువ గేర్లవాటిని 0.75 దగ్గర మార్చాలన్నది మామూలు లెక్క. చైను ఇంకా 305 దగ్గరే ఉండగా పక్కరేకు నిలువునా పగిలితే దాన్ని అరుగుదల అనడానికి ఏ కొలతా ఒప్పుకోదు. అయితే తెగింది మనమో కొట్టువాళ్ళో కలిపిన పిన్ను దగ్గరే అయితే సంగతి వేరు, అది బిగింపు తప్పు. అందుకే తెగిన లింకు రెండు వైపులా ఉన్నవాటిని కూడా పారేయకుండా ఉంచాలి.

ఇంతకంటే ముఖ్యమైన విషయం ఇంకొకటుంది. ఒకే అరిగే భాగం మళ్ళీ మళ్ళీ తొందరగా పోతుంటే తప్పు దాని పక్కనున్న అరగని భాగంలో వెతకాలి. సైకిల్ క్లెయిముల్లో ఎక్కువమంది పోగొట్టుకునేది ఇక్కడే. బేరింగు పోయిందని బేరింగుకు వారంటీ అడుగుతారు, కాదంటారు, కొత్తది కొంటారు, అదీ పోతుంది. అడగాల్సింది ఫ్రేముకు.

నొక్కి బిగించే బాటమ్ బ్రాకెట్లలో ఇది బాగా కనపడుతుంది. బీబీ86 రకం ఫ్రేములో బేరింగు కూర్చునే గుంత వ్యాసం 41 మిల్లీమీటర్లు, పీఎఫ్30 రకంలో 46. ఆ గుంత గుండ్రంగా లేకపోయినా, ఎడమ కుడి గుంతలు ఒకే గీతలో లేకపోయినా బేరింగు కొత్తదైనా మొదటి రోజు నుంచే నలుగుతూ ఉంటుంది. బేరింగు తీయించినప్పుడు వెర్నియర్‌తో గుంతను అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, రెండు వైపులా కొలిపించండి. అడ్డానికీ నిలువుకీ 0.1 మిల్లీమీటరు తేడా వచ్చినా ఇక్కడ అది ఎక్కువే. పాత బేరింగును కూడా పారేయకండి. బంతులు తిరిగే దారి ఒక పక్కన మాత్రమే నలిగి ఉంటే ఏటవాలుగా బరువు పడిందని అదే చెబుతుంది. చుట్టూతా ఎర్రటి తుప్పు నీరు కారుతుంటే మాత్రం నీళ్ళు వెళ్ళాయని అర్థం. ప్రెషరు వాషరుతో కడిగే అలవాటుంటే ఫ్రేమును నిందించకండి.

ఇదే లెక్క మిగతావాటికీ. డిస్కు ప్యాడ్లు ఎప్పుడూ వాలుగా, ఒక చివర సన్నగా ఒక చివర మందంగా అరుగుతుంటే, ప్యాడ్లను పట్టి ఉంచే క్యాలిపర్ ఎంత సర్దినా కుదరకపోతే, క్యాలిపర్ బిగించే ఫ్రేము ముఖం చదునుగా లేదేమో చూడాలి. సీటు ఎంత బిగించినా దిగిపోతుంటే పోస్టును, గొట్టాన్ని రెండింటినీ కొలవాలి. 27.2 పోస్టు నిజంగా 27.2 ఉండి, గొట్టం లోపల 27.5 చూపిస్తే ఏ పట్టీ దాన్ని పట్టి ఉంచలేదు. రిమ్ములో పుల్లల కన్నాల చుట్టూ ఒకటికి మించి పగుళ్ళు వస్తే బిగువు ఎక్కువైనా కావాలి, రిమ్ము గోడ పలచనైనా కావాలి. పూర్తి చక్రంగా కొన్నదైతే రెండూ చక్రం చేసినవాళ్ళ బాధ్యతే.

బిగింపు తప్పులు, నిర్వహణ తప్పులు

ఎవరు బిగించారన్నది రాతపూర్వకంగా ఉండాలి. చదరపు యాక్సిలు ఉన్న పాతరకం క్రాంకులో బోల్టు వదులయ్యాక కొద్ది దూరం తొక్కినా మెత్తటి అల్యూమినియం కన్నం గుండ్రమైపోతుంది. ఆ తర్వాత ఎంత బిగించినా నిలవదు. క్రాంకుకు వారంటీ అడిగితే రాదు, రాకపోవడం తప్పూ కాదు. కానీ సైకిలు కొత్తది, బిగించింది కొట్టువాళ్ళు, కొన్న కొద్దిరోజుల్లోనే వదులైందంటే అడగాల్సింది కొట్టువాళ్ళనే, వాళ్ళు చేసిన పనికి. విడిభాగాల కంపెనీ షిమానో చేసే హాలోటెక్ 2 క్రాంకుల ఎడమ చేతికుండే రెండు బోల్టులకు 12 నుంచి 14 న్యూటన్ మీటర్లు, రెండూ మార్చిమార్చి బిగించాలి. పెడలు మరలు తెగిపోయిన క్రాంకు చూస్తే మొదటి రెండు చుట్లు ఏటవాలుగా ఉన్నాయా అన్నది చాలు. ఎడమ పెడలుకు మర తిరగబడి ఉంటుందని మరిచిపోయి బలవంతంగా ఎక్కించిన గుర్తు అది.

హైడ్రాలిక్ బ్రేకు కారుతుంటే ఎక్కడినుంచో తేల్చాలి. లీవరు దగ్గర, గొట్టం నట్టు దగ్గర, క్యాలిపర్ దగ్గర విడివిడిగా తెల్ల టిష్యూ చుట్టి, లీవరును రబ్బరు బ్యాండుతో నొక్కి కట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున ఏ టిష్యూ తడిసిందో అదే జవాబు. గొట్టం నట్టు దగ్గరైతే బిగింపు, పిస్టన్ల వెనక నుంచైతే క్యాలిపర్. ఇందులో ఒక ఘోరమైన పొరపాటు ఉంది: షిమానో బ్రేకుల్లో ఉండేది మినరల్ ఆయిల్, స్రామ్ బ్రేకుల్లో చాలావాటిలో ఉండేది డాట్ ఫ్లూయిడ్. ఒకదాన్లో పోయాల్సింది ఇంకోదాన్లో పోస్తే సీళ్ళు ఉబ్బిపోతాయి. విప్పిన వెంటనే అది కనపడుతుంది, క్లెయిము అక్కడితో సరి.

సస్పెన్షన్ ఫోర్కులకు సర్వీసు లెక్క గంటల్లో ఉంటుంది. ఫోర్కులు చేసే రాక్‌షాక్స్ కంపెనీ కింది కాళ్ళ సర్వీసు 50 గంటలకోసారి చెబుతుంది. వారాంతాల్లో తొక్కేవాళ్ళకైనా ఆ గంటలు అనుకున్నదానికంటే తొందరగా గడుస్తాయి. సర్వీసు చేయించిన కాగితం లేకుండా గీతలు పడిన స్టాంచియన్లు (ఫోర్కు పైకాళ్ళు) పంపితే తిరుగు టపాలో వస్తాయి. విద్యుత్ సైకిళ్ళ బ్యాటరీలకు కాలంతోపాటు పూర్తి చార్జింగుల లెక్క కూడా ఉండవచ్చు. ఆ అంకె డీలరు తన పరికరంలో చూడగలడు, క్లెయిముకు ముందే ఆ నివేదిక అచ్చు తీయించుకోండి.

ముందు రీకాల్ చూడండి

వారంటీ అడిగేముందు ఆ భాగానికి భద్రతా రీకాల్ (లోపమున్న సరుకును కంపెనీయే వెనక్కి పిలవడం) ఉందేమో చూడాలి. రీకాల్‌లో తప్పు తమదని కంపెనీ ముందే ఒప్పుకుంది, కాబట్టి వారంటీ గడువు దాటినా, సైకిలు సెకండ్ హ్యాండుదైనా మామూలుగా వర్తిస్తుంది. 2023 సెప్టెంబరులో షిమానో ప్రకటించినదే అందరికీ తెలియాల్సిన ఉదాహరణ. 2012 జూన్ 1 నుంచి 2019 జూన్ 30 వరకు తయారైన అల్టెగ్రా, డ్యూరా ఏస్ 11 స్పీడు క్రాంకులు, ప్రపంచమంతటా సుమారు 28 లక్షలు. రెండు పెంకుల్ని జిగురుతో అతికించిన ఆ క్రాంకుల్లో అతుకు విడిపోతోంది. ఒక్క అమెరికాలోనే విడిపోయినట్టు 4,500కు పైగా ఫిర్యాదులు అందాయి, ఆరుగురికి గాయాలయ్యాయి. క్రాంకు చేయి లోపలివైపు రెండక్షరాల కోడు ఉంటుంది. మొదటిది ఏడాది, రెండోది నెల. కేఎఫ్ అంటే 2012 జూన్, ఆర్‌ఎఫ్ అంటే 2019 జూన్. ఈ మధ్యలో ఏది ఉన్నా డీలరు దగ్గర ఉచితంగా పరీక్ష చేయించుకోవచ్చు, విడిపోతున్న లక్షణాలుంటే మార్చి ఇస్తారు. పరీక్షకు ముందు మీరూ చూడవచ్చు. పళ్ళచక్రం తీసేసి క్రాంకు వెనక అతుకు వెంబడి గోరు నడిపితే గోరు ఆగే సందు, తెల్లటి పొడి, తొక్కినప్పుడు టిక్కుటిక్కుమనే చప్పుడు ఉన్నాయేమో గమనించండి.

2015లో సైకిల్ కంపెనీ ట్రెక్ ప్రకటించిన రీకాల్ ఇంకా చిన్న భాగానిది. ముందు డిస్కు బ్రేకు ఉన్న సైకిళ్ళలో చక్రాన్ని చేత్తోనే బిగించే క్విక్ రిలీజ్ లీవరు 180 డిగ్రీలకు మించి తెరుచుకుంటే తిరుగుతున్న డిస్కులో ఇరుక్కుని చక్రం పట్టేస్తుంది. తెరిచిన లీవరుకూ డిస్కుకూ మధ్య 6 మిల్లీమీటర్ల కంటే తక్కువ సందు ఉంటే ప్రమాదం. పాత సైకిలు కొనేవాళ్ళు ఇది ఇప్పటికీ చూసుకోవాలి.

ఎవరిని, ఏమని అడగాలి

మొదట అమ్మినవాళ్ళను. సైకిలుతోపాటు వచ్చిన గేరుకు గేరు కంపెనీని అడిగితే ‘సైకిలు బ్రాండుతో మాట్లాడండి’ అంటారు, బ్రాండు ‘డీలరుతో మాట్లాడండి’ అంటుంది. కంపెనీ వారంటీ అది తనంతట తాను ఇచ్చే మాట, షరతులు దానివే. అమ్మకందారు బాధ్యత చట్టం పెట్టినది. ఐరోపా సమాఖ్యలో వస్తువుకు అమ్మకందారు కనీసం 2 సంవత్సరాలు బాధ్యుడు. 2022 నుంచి అమల్లో ఉన్న నియమాల ప్రకారం మొదటి ఏడాదిలో బయటపడిన లోపం మొదటినుంచీ ఉన్నదనే అనుకుంటారు, కాదని చూపించాల్సింది అమ్మకందారే. భారతదేశంలో 2019 వినియోగదారుల రక్షణ చట్టం తయారీదారునూ అమ్మకందారునూ సర్వీసు చేసినవాళ్ళనూ కూడా బాధ్యులను చేస్తుంది. వివాదం తలెత్తిన 2 సంవత్సరాల్లోపు ఫిర్యాదు చేయాలి. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్ మాస్ చట్టం ప్రకారం తమ బ్రాండు విడిభాగాలే వాడాలని వారంటీకి షరతు పెట్టకూడదు. మరి ‘జీవితకాల వారంటీ’? అది చాలావరకు మొదటి యజమానికే, ఫ్రేముకే. కూలి, రవాణా దాన్లో ఉండకపోవచ్చు.

ఉత్తరం పొట్టిగా ఉండాలి. విశేషణాలు వద్దు, బెదిరింపులు మొదటి ఉత్తరంలో అసలే వద్దు. ఇలా రాస్తే చాలు:

‘సైకిలుతోపాటు వచ్చిన వెనక హబ్బు, మోడల్ కోడు ఫలానా, ఫ్రేము సీరియల్ నంబరు ఫలానా. కొన్న తేదీ, బిల్లు జతచేశాను. చక్రాన్ని ఎవరూ విప్పలేదు. ఎత్తు ఎక్కేటప్పుడు పెడలు ఒక్కసారిగా జారి ముందుకు పోతోంది, వీడియో జతచేశాను. చైను, క్యాసెట్ కొలిపించాను, చైను 0.2 శాతం లోపే ఉంది, పళ్ళు బాగున్నాయి. అంచేత జారుతున్నది ఫ్రీహబ్బు (హబ్బు మీద క్యాసెట్ కూర్చునే భాగం) లోపలేనని అనుకుంటున్నాను. పరీక్షించి బాగు చేయమని, లేదా మార్చమని కోరుతున్నాను. ఈ లోపు సైకిలు వాడటం లేదు.’

ఇందులో పని చేసేది చైను కొలత ఉన్న వాక్యం. పెడలు జారడానికి మామూలు కారణం అరిగిన చైను, క్యాసెట్. దాన్ని ముందే కొట్టిపారేశాం కాబట్టి మొదటి జవాబుగా వచ్చే ‘క్యాసెట్ మార్చి చూడండి’ రాదు. ప్రతి భాగానికీ ఇలాంటి మామూలు కారణం ఒకటి ఉంటుంది. దాన్ని మనమే పరీక్షించి, లేదని చూపించాలి.

భాగాన్ని పంపేముందు దాని మీద క్లెయిము నంబరు రాసి, రాసినట్టు ఫోటో తీసి, రసీదు ఉండే పద్ధతిలో పంపాలి. ఒప్పుకోకపోతే భాగాన్ని తిరిగి పంపాలని ముందే రాయండి. లేకపోతే ఉన్న ఒక్క సాక్ష్యం వాళ్ళ చెత్తబుట్టలోకి పోతుంది. ఫ్రేముల విషయంలో కొన్ని కంపెనీలు పాతదాన్ని రంపంతో కోసి ఫోటో పంపమంటాయి. బదులుగా ఏ మోడలు, ఏ సైజు, ఎప్పుడు ఇస్తారో రాతపూర్వకంగా వచ్చేదాకా రంపం ముట్టుకోవద్దు. కొత్త ఫ్రేము పాత భాగాలకు సరిపోతుందా అన్నది కూడా అప్పుడే అడగాలి. పాతదానికి వెనక యాక్సిలు 142 మిల్లీమీటర్లు, కొత్తదానికి 148 అయితే మీ చక్రం పనికిరాదు. బాటమ్ బ్రాకెట్, హెడ్‌సెట్, సీట్‌పోస్టు వ్యాసం కూడా మారవచ్చు. ఆ ఖర్చు ఎవరిదో ఒప్పుకోకముందు మాట్లాడితే చాలాసార్లు సర్దుతారు, తర్వాత మాట్లాడితే సర్దరు.

కాదని జవాబు వస్తే కారణం రాతలో అడగండి: ఏ షరతు కింద, ఏ గుర్తు చూసి? అరుగుదల అంటే, ఎంత అరిగితే అరుగుదల, మీరు కొలిచింది ఎంత? ఈ రెండు అంకెలూ అడగడం మీ హక్కు. సమాధానంలో అంకెలు లేకపోతే వాళ్ళు కొలవలేదని అర్థం. అప్పుడు అమ్మకంతో సంబంధం లేని మెకానిక్కు చేత చూపించి, అతని కొలతలు రాతలో తీసుకుని, అదే క్లెయిము నంబరు మీద పైవాళ్ళకు పంపాలి. వినియోగదారుల కమిషనుకు వెళ్ళాల్సి వచ్చినా అక్కడ చదివేది ఈ కాగితాలనే.

కొత్త భాగం వచ్చాక దాని గడువు ఎప్పటిదాకానో చూసుకోండి. చాలా కంపెనీలు పాతదాని మిగిలిన కాలమే ఇస్తాయి, లెక్క మళ్ళీ మొదటినుంచి మొదలవదు. బిగించే ముందు పాతది ఎందుకు పోయిందో ఆ కారణం సైకిలులో ఇంకా మిగిలి ఉందా అని చూడండి. గుంత కోలగా ఉన్న ఫ్రేములో కొత్త బేరింగు కూడా అంతే. బిగింపు కొలిచే టార్క్ రెంచితో బిగించి, అంకెను పని బిల్లు మీద రాయించుకుని, మొదటి పొడవైన సవారీ తర్వాత బోల్టులన్నీ మళ్ళీ ఒకసారి చూడండి.